కాకినాడ నుంచి కోణార్క్ దాకా సముద్రం పక్కనే: ఇద్దరం, ఒక బండి

కాకినాడ_క్లాసిక్ | నవంబరు 23, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాకు యాభై రెండు, మా ఆవిడకు నలభై ఎనిమిది. అమ్మాయికి పెళ్లి చేసి పంపాం. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కొని మూడేళ్లయింది. ఇద్దరం కలిసి దాని మీద మారేడుమిల్లి ఒకసారి, అన్నవరం చాలాసార్లు వెళ్లాం. అంతకు మించి దూరం పోలేదు. సంక్రాంతి అయ్యాక పది రోజులు సెలవు పెట్టుకున్నాను. కాకినాడలో బయల్దేరి విశాఖ, శ్రీకాకుళం, గోపాల్‌పూర్, పూరీ మీదుగా కోణార్క్ వెళ్లాలని ఉంది. దారిలో అరసవల్లి ఉంది, చివర కోణార్క్ ఉంది. ఒక సూర్యుడి గుడిలో దణ్ణం పెట్టుకుని ఇంకో సూర్యుడి గుడి దాకా సముద్రం పక్కనే వెళ్దాం అన్నది మా ఆవిడ ఆలోచన. వాళ్ల అమ్మమ్మగారి ఊరు ఉద్దానంలో, కవిటి దగ్గర. అదీ చూడాలి.

హైవే 16 ఎక్కితే రెండు రోజుల్లో కోణార్క్‌లో ఉంటారని ఆఫీసులో కుర్రాళ్లు అంటున్నారు. ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు. ఇద్దరం కూర్చుని వెళ్లగలమా? వెళ్లినవాళ్లు దారి చెప్పండి.

మైలురాయి | నవంబరు 23, రాత్రి 10:25

స్వాగతం అన్నా. కుర్రాళ్లు చెప్పింది అబద్ధం కాదు. రెండు రోజుల్లో చేరతారు. కానీ సముద్రం కనబడదు.

పేరుకు తీరం వెంట వెళ్లే హైవేనే గానీ, 16 దాదాపు అంతా లోపలి నుంచే పోతుంది. కత్తిపూడి దాటాక కొండలు, పొలాలు, లారీలు. రంభ, బాలుగావ్ ప్రాంతంలో చిలికా నీళ్లు కనిపిస్తాయి, అంతే. సముద్రం పక్కన వెళ్లాలంటే హైవే దిగి ఊళ్ల రోడ్లు పట్టుకోవాలి. మళ్లీ నదులు అడ్డం వచ్చిన చోటల్లా వంతెన కోసం హైవే ఎక్కాలి. గోస్తని, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా, రుషికుల్య. ఒక్కో నది ఒక్కోసారి మిమ్మల్ని లోపలికి పంపుతుంది. అందుకని రోజుకు 150 కిలోమీటర్లు మించి పెట్టుకోకండి. వెళ్లడానికి ఆరు రోజులు, తిరిగి రావడానికి హైవే మీద రెండు రోజులు. మీ పది రోజుల్లో హాయిగా సరిపోతుంది.

ఇంకో సంగతి. వెళ్లేది ఈశాన్యం వైపు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఎండ కుడివైపు ముందు నుంచి సరిగ్గా కళ్లలో కొడుతుంది. హెల్మెట్ అద్దం గీతలు పడి ఉంటే ఇప్పుడే మార్చేయండి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి కుడి పక్క నుంచి తోస్తుంది. ఖాళీ మైదానంలో లారీని దాటేటప్పుడు ఆ గాలి ఒక్కసారి ఆగి మళ్లీ తగులుతుంది. హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకోవద్దు, మోచేతులు వదులుగా ఉంచండి.

టోల్ గేట్ల దగ్గర టూవీలర్లకు డబ్బు లేదు, ఎడమ చివర దారి ఉంటుంది.

రోడ్డు_రాజు | నవంబరు 24, ఉదయం 7:10

నా మాట వేరుగా అనుకోవద్దు. ఈ వయసులో ఆడవాళ్లకు వెనక సీటు మీద అంత దూరం చాలా కష్టం. మా అక్కను అరకు తీసుకెళ్తే వారం రోజులు నడుం పట్టేసింది. రైల్లో భువనేశ్వర్ వెళ్లి అక్కడ బండి అద్దెకు తీసుకోండి. పూరీ నుంచి కోణార్క్ మెరైన్ డ్రైవ్ ఒక్కటి చేసినా మంచి సరదా.

వెనకసీటు | నవంబరు 24, ఉదయం 11:50

నమస్తే అండీ. నేను కాకినాడ_క్లాసిక్ గారి భార్యని. రోడ్డు_రాజు గారు మంచికే చెప్పారు, మీ అక్కగారి నడుం ఇప్పుడు బాగుందనుకుంటాను.

నేను వెనక కూర్చోవడం ఇరవై ఏడేళ్ల నుంచీ అలవాటు. నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్తాను. వెనక కూర్చున్నవాళ్లకు కష్టం దూరం వల్ల రాదు. ఎప్పుడు ఆగుతారో తెలియకపోవడం వల్ల వస్తుంది. ముందున్న మనిషికి గొయ్యి కనబడుతుంది, ఒళ్లు ముందే సిద్ధమవుతుంది. నాకు ఆయన వీపే కనబడుతుంది, దెబ్బ తగిలాకే తెలుస్తుంది. అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. గొయ్యి గానీ స్పీడ్ బ్రేకర్ గానీ వస్తే ఆయన ఎడమ మోచెయ్యి కొంచెం వెనక్కి అంటారు, నేను ఫుట్‌రెస్ట్ మీద బరువేసి లేస్తాను. ఆయన భుజం మీద నేను ఒకసారి తడితే నెమ్మది, రెండుసార్లు తడితే ఆపమని. కాలు పట్టేసినా, ఫొటో కావాలన్నా రెండుసార్లే. ఎందుకని అడక్కుండా ఆపాలి.

గంటకు ఒకసారి దిగి పది నిమిషాలు నడిస్తే నా నడుముకి ఏమీ కాదు. రైల్లో వెళ్తే మధ్యలో ఊళ్లన్నీ కిటికీలోంచి వెనక్కి పోతాయి. నాకు కావలసింది ఆ మధ్యలోవే.

మైలురాయి | నవంబరు 24, మధ్యాహ్నం 12:30

అమ్మా, మీరు రాసింది కొత్తగా జంటగా వెళ్లేవాళ్లందరూ చదవాలి. ముందు కూర్చున్నవాడు తన ఓపికను బట్టి దూరం లెక్కేస్తాడు, అక్కడే తప్పు జరుగుతుంది. వెనక కూర్చున్న మనిషి ఓపికను బట్టి రోజు వేసుకోవాలి. హెల్మెట్ కూడా ఇద్దరికీ ఒకే రకం, ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ కొనండి. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. చాలామంది వెనకవాళ్లకు చవకరకం టోపీ పెట్టి సరిపెడుతున్నారు. నాకు అది చూస్తే కడుపు రగిలిపోతుంది.

స్పానర్ | నవంబరు 24, రాత్రి 8:15

బండి సంగతి నేను చెప్తాను.

క్లాసిక్‌లో వెనక షాక్‌లకు ఆరు మెట్ల సర్దుబాటు ఉంటుంది. ఇద్దరు ఎక్కి, సామాను పెడితే రెండు మెట్లు బిగించండి. లేకపోతే వెనక కుంగి, ముందు తేలి, మలుపుల్లో బండి బద్ధకంగా తిరుగుతుంది. రాత్రి హెడ్‌లైట్ కూడా ఎదుటివాళ్ల మొహం మీదికి లేస్తుంది. వెనక టైరు గాలి మాన్యువల్‌లో ఇద్దరికి రాసినంత, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి.

బరువు కిందికి, మధ్యకు ఉండాలి. శాడిల్ బ్యాగులు రెండు వైపులా సమానంగా. వెనక క్యారియర్ మీద పెద్ద పెట్టె కట్టొద్దు, తేలికైనవే కట్టండి. క్లచ్ వైరు ఒకటి, వెనక ట్యూబు ఒకటి వెంట ఉంచుకోండి. క్లచ్ వైరు పాతదాని పక్కనే రెండోది లాగి టేపు చుట్టి ఉంచితే, తెగిన రోజు పది నిమిషాల్లో మార్చేస్తారు.

ఉప్పు గాలి చైనుకు శత్రువు. ప్రతి సాయంత్రం తడిగుడ్డతో తుడిచి, వేడిగా ఉండగానే చైను ఆయిల్ వెయ్యండి. నీళ్లు దొరికినప్పుడు డిస్క్, స్పోకులు మంచినీళ్లతో కడగండి. సముద్రం నీళ్లలోకి బండి దింపి ఫొటో తీసుకునే సరదా మాత్రం వద్దు. ఆ నీళ్లు బేరింగుల్లోకి దూరి నెల తర్వాత బయటపడతాయి.

గోస్తని | నవంబరు 25, ఉదయం 6:20

మాది భీమిలి. మా దగ్గరి ముక్క నేను చెప్తాను.

విశాఖలో రాత్రి ఉండి, పొద్దున్నే బీచ్ రోడ్డు పట్టుకోండి. తెల్లారుజామున ఆర్కే బీచ్ దగ్గర కొంత రోడ్డు నడిచేవాళ్ల కోసం ఆపేస్తుంటారు, అది చూసుకుని బయల్దేరండి. కైలాసగిరి కింద నుంచి రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. పాతిక ముప్ఫై కిలోమీటర్ల రోడ్డు. దీన్ని గంటలో తొక్కేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తొట్లకొండ ఎక్కండి. రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులు ఆ కొండ మీద నీళ్లకోసం రాతిలో తొట్లు తొలిచారు, ఆ పేరు అందుకే వచ్చింది. పై నుంచి చూస్తే మీరు వెళ్లబోయే రోడ్డంతా కనబడుతుంది.

ఎర్రమట్టి దిబ్బల్లోకి బండి దింపొద్దు. 2014లో జియోలాజికల్ సర్వే దాన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. వేల ఏళ్లుగా గాలి, సముద్రం కలిసి పోసిన ఇసుక అది. ఒక్క టైరు గాడి పడితే మళ్లీ వాన దాన్నే కోసుకుంటూ పోతుంది. రోడ్డు పక్కన ఆపి నడిచి వెళ్లండి.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసే చోటు ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి. తర్వాత చిట్టివలస దగ్గర నది దాటి హైవే వైపు వెళ్తారు. మధ్యలో చింతపల్లి బీచ్‌కి దిగండి, ఎక్కువమందికి తెలియదు.

శాసనం | నవంబరు 25, రాత్రి 9:05

రెండు సూర్యుడి గుళ్ల ఆలోచన చాలా బాగుంది. వాటి మధ్య ఇంకో దారం ఉంది. కోణార్క్ కట్టించింది 13వ శతాబ్దంలో మొదటి నరసింహదేవుడు, తూర్పు గాంగుల వంశం. ఆ వంశానికి కటకం రాజధాని కాకముందు మన శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ముఖలింగమే రాజధాని. అరసవల్లి గుడి మొదలుపెట్టిందీ కళింగ గాంగులేనని చెబుతారు. విశాఖలో సింహాచలం గుడి ఇప్పుడున్న రూపంలో చాలా భాగం ఆ నరసింహదేవుడి కాలంలోదే. అంటే మీరు వెళ్లే దారి ఒకే రాజవంశం ఇంటి ముందు నుంచి పెరటి దాకా.

మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు అరసవల్లి స్వామి పాదాల మీద పొద్దుటి కిరణాలు పడతాయి. జనవరిలో అది ఉండదు. రథసప్తమి దగ్గరపడితే మాత్రం అరసవల్లిలోనూ, కోణార్క్ పక్కన చంద్రభాగ తీరంలోనూ ఇసకేస్తే రాలనంత జనం. ఆ లోపే రెండూ చూసేయండి.

బరంపురం_అమ్మాయి | నవంబరు 26, మధ్యాహ్నం 2:10

అక్కా, మీ పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. మేం నాలుగు తరాలుగా బరంపురంలో ఉన్న తెలుగువాళ్లం. ఇక్కడ బజార్లో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది, భయపడకండి. బరంపురం అప్పడాలు, పచ్చళ్లు తిరుగు దారిలో కొనండి, వెళ్లేటప్పుడు బరువు.

గోపాల్‌పూర్ నుంచి పూరీకి అందరూ హైవే మీద భువనేశ్వర్ వైపు చుట్టు తిరిగి వెళ్తారు. మీరు అలా వెళ్లొద్దు. గంజాం ఊరు దాటాక కుడికి తిరిగి పాలూరు, మాలుద్ మీదుగా జన్హికుడ వెళ్లండి. ఒక పక్క చిలికా, ఇంకో పక్క సముద్రం వైపు ఇసుక నేల, మధ్యలో రోడ్డు. జన్హికుడలో బండ్లను ఎక్కించుకునే పడవ ఉంది. అది సాతపడలో దించుతుంది. అక్కడి నుంచి పూరీ 50 కిలోమీటర్లు. పడవ వేళలు మారుతుంటాయి, ముందురోజు గోపాల్‌పూర్‌లో అడిగి కనుక్కోండి. మధ్యాహ్నం లోపే రేవు చేరండి. గాలి ఎక్కువైతే పడవ ఆపేస్తారు.

పెట్రోల్ ఇచ్ఛాపురంలో నింపొద్దు. ఒడిశాలో లీటరు తక్కువ ధర. కానీ మాలుద్ రోడ్డు ఎక్కే ముందు గంజాంలో తప్పకుండా నింపుకోండి.

ఉద్దానం_బాబు | నవంబరు 26, రాత్రి 10:30

కవిటి అన్నాక నేనుండగా మీరు లాడ్జీ వెతుక్కోవడమేంటండీ. మా ఇల్లు బారువ, కవిటి మధ్య. మా అమ్మ ఇప్పటికే పనసచెట్టు వైపు చూస్తోంది. అమ్మమ్మగారి ఊరి పేరు నాకు విడిగా పంపండి, దారి నేను చూపిస్తాను.

మోడరేటర్ | నవంబరు 27

ఈ చర్చను పైన అతికించాను. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఇక్కడ రాయకండి, విడి సందేశంలో పంపుకోండి.

కాకినాడ_క్లాసిక్ | జనవరి 18, రాత్రి 9:15, విశాఖ

బయల్దేరాం. పొద్దున ఐదున్నరకు. శాడిల్ బ్యాగులో పండక్కి చేసిన అరిసెలు, జంతికలు ఒక డబ్బా.

ఉప్పాడ రోడ్డు గురించి చెప్పాలి. నేను చిన్నప్పటి నుంచీ తిరిగిన రోడ్డే. ఇవాళ మాత్రం కొత్తగా చూశాను. వాకలపూడి దాటాక కుడిపక్క రాళ్ల కట్ట, దాని వెనక సముద్రం. అల రాయిని కొట్టి పైకి లేచి తుంపర రోడ్డు మీద పడుతోంది. ప్రతి తుపానుకీ ఈ రోడ్డు కొరుక్కుపోతుంది, మళ్లీ వేస్తారు, మళ్లీ పోతుంది. ఒకప్పుడు ఇళ్లున్న చోట ఇప్పుడు నీళ్లున్నాయి. ఒక ఇంటి గోడ సగం నిలబడి ఉంది, గూట్లో దీపం మసి ఇంకా కనిపిస్తోంది. మా ఆవిడ రెండుసార్లు తట్టింది. ఆపాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఉప్పాడ నుంచి అద్దరిపేట వైపు వెళ్లి, తుని దగ్గర హైవే ఎక్కాం. ఆ తర్వాత చెప్పుకోవడానికేమీ లేదు, లారీలు తప్ప. విశాఖ చేరేసరికి హెల్మెట్ అద్దాల మీద తెల్లటి ఉప్పు పొర. వేలితో రాస్తే గరగరలాడింది. మైలురాయి గారూ, మీరన్న ఎదురెండ పాయకరావుపేట దగ్గర బాగా తెలిసింది.

వెనకసీటు | జనవరి 19, రాత్రి 8:40, శ్రీకాకుళం

గోస్తని గారూ, తొట్లకొండ ఎక్కాం. మీరు చెప్పినట్టే గంటలో పోయే రోడ్డుకు నాలుగు గంటలు పట్టించాం. భీమిలిలో చేపల వేలం చూశాం. ఒకామె గంప దించి, వంజరం చేపను తోకతో పట్టి ఎత్తి చూపిస్తూ పాట పాడుతున్నట్టే ధర చెబుతోంది.

సాయంత్రం అరసవల్లి. గుడిలో పెద్దగా రద్దీ లేదు. నల్లరాతి స్వామి. మొక్కుకున్నాను. ఏం మొక్కానో కోణార్క్‌లో చెప్తానని ఆయనకు చెప్పాను.

కాకినాడ_క్లాసిక్ | జనవరి 20, రాత్రి 9:50, కవిటి దగ్గర

ఇవాళ బండి భయపెట్టింది. స్పానర్ గారికి ప్రత్యేకంగా రాస్తున్నాను.

పొద్దున కళింగపట్నం వెళ్లాం. వంశధార సముద్రంలో కలిసే చోటు చూసి, శాలిహుండం కొండ ఎక్కి, హైవే మీదికి వచ్చి మడపాం దగ్గర నది దాటాం. టెక్కలి సమీపిస్తుండగా వెనక నుంచి గరగరమని ఒక చప్పుడు. నేనొక్కడినే ఎక్కి నడిపితే లేదు. ఇద్దరం ఎక్కితే వస్తోంది. టెన్షన్ మొదలైంది. ప్రయాణానికి రెండు రోజుల ముందే మా ఊళ్లో ఒక సర్వీసింగ్ షాపులో బండి మొత్తం చూపించాను. చైను బిగించాం, ఇక ఢోకా లేదన్నారు.

నౌపడ వైపు తిరిగే చోట రేకుల షెడ్డులో ఒక మెకానిక్ ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. చప్పుడు ఎలా వస్తోందో విని, చైను ముట్టుకోకుండా ముందు "ఇద్దరూ ఎక్కి కూర్చోండి" అన్నాడు. మేం కూర్చున్నాక కింద వేలు పెట్టి చైను ఎత్తబోయాడు. అది కదల్లేదు. తీగలా బిగుసుకుని ఉంది. నన్ను దింపి అదే వేలితో చూపించాడు: "బండి ఖాళీగా ఉంటే కొంచెం ఆడుతోంది చూశారా. ఇద్దరెక్కితే వెనక చక్రం పైకి లేస్తుంది, చైను లాగేస్తుంది. ఖాళీ బండి మీద చూసి బిగించారు." యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు పక్కలా గుర్తులు సమానంగా పెట్టి, మళ్లీ మమ్మల్ని కూర్చోబెట్టి చూసి, అప్పుడు బిగించాడు. అరగంట పని. వంద రూపాయలు అడిగాడు. అలాగే వదిలేస్తే గేర్‌బాక్స్ బేరింగు పోయేదట, లేకపోతే చైనే తెగేదట. నాకు చెమటలు పట్టాయి, నా వెనక మనిషి కూర్చుని ఉంది కదా.

నౌపడ ఉప్పు మడుల పక్క నుంచి వెళ్లేటప్పుడు చప్పుడు లేదు. మడుల్లో కుప్పలు పోసిన ఉప్పు, పైన ఎండ. బండి మెత్తగా పోతోంది.

స్పానర్ | జనవరి 20, రాత్రి 10:40

ఆ పెద్దాయన చేతికి దణ్ణం. ఈ మాట నేను నవంబరులోనే రాయాల్సింది, ఆయిల్ గురించి చెప్పి బిగువు గురించి వదిలేశాను. జంటగా వెళ్లేవాళ్లు అందరూ రాసి పెట్టుకోండి: చైను వదులు చూసేది ఇద్దరూ సీటు మీద ఉండగా. ఇక రోజూ పొద్దున ఒకసారి మీరే వేలుపెట్టి చూసుకోండి.

వెనకసీటు | జనవరి 21, మధ్యాహ్నం 3:30, గోపాల్‌పూర్

నిన్న రాత్రి ఉద్దానం_బాబు వాళ్లింట్లో పడుకున్నాం. వాళ్లమ్మగారు పనసపొట్టు కూర ఆవపెట్టి చేశారు. నాకు మా అమ్మమ్మ చేతి వంట తర్వాత మళ్లీ ఆ రుచి తగలడం ఇదే.

పొద్దున అమ్మమ్మ తోటకి వెళ్లాం. నేను చిన్నప్పుడు వచ్చినప్పుడు ఆ తోటలో మధ్యాహ్నం కూడా నేల మీద ఎండ పడేది కాదు. కొబ్బరి, కింద పనస, మధ్యలో జీడిమామిడి, ఇంకా కింద అరటి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. మా తోటలో నలభై చెట్లకు ఆరు మిగిలాయి. కొన్ని వేళ్లతో సహా పడిపోతే, కొన్ని నడుముకి విరిగాయి. మావయ్య మొదళ్లు తియ్యలేదు. వాటి మధ్యే కొత్త మొక్కలు పెట్టాడు. అవి ఇప్పుడు నా ఎత్తు దాటాయి, కాపు ఇంకా రాలేదు.

ఒక సంగతి నేను ఎదురుచూడనిది. నూతి దగ్గర నిలబడితే సముద్రం హోరు వినిపించింది. చిన్నప్పుడు ఆ ఇంట్లో ఎప్పుడూ వినిపించేది కాదు, చెట్లు ఆపేవి. అత్తని అడిగితే "ఇప్పుడు రాత్రంతా వినిపిస్తాదమ్మా, మొదట్లో నిద్రపట్టేది కాదు" అంది.

నేను కాసేపు ఆ మొదలు మీద కూర్చున్నాను. ఆయన దూరంగా బండి దగ్గరే ఉండి చైను చూసుకుంటూ నన్ను తొందరపెట్టలేదు.

ఉద్దానం_బాబు | జనవరి 21, సాయంత్రం 6:05

అక్కా, కాపు రావడానికి ఇంకా రెండు మూడేళ్లు. అప్పుడు బోండాలు తాగడానికి మళ్లీ రావాలి, మా అమ్మ చెప్పమంది.

వెనకసీటు | జనవరి 22, రాత్రి 9:30, పూరీ

బరంపురం చెల్లీ, నీకు ఏమిచ్చి రుణం తీర్చుకోను?

గంజాం దాటి కుడికి తిరిగాక రోడ్డు పక్కనంతా మొగలి పొదలు. జన్హికుడ రేవుకి పదకొండుకి చేరాం. పడవ అంటే నేను మన గోదావరి పంటులాంటిది అనుకున్నాను, దాదాపు అలాంటిదే. ముందు రేకు దించితే అదే వంతెన. ఆయన బండిని న్యూట్రల్‌లో పెట్టి దించుతుంటే ఇద్దరు కుర్రాళ్లు వెనక పట్టుకున్నారు. గేర్లో వేసి, సైడ్ స్టాండు వేసి, ముందు చక్రానికి బ్రేకు లివర్ తాడుతో కట్టేశారు. మా పక్కన ఒక ఆటో, నాలుగు సైకిళ్లు, పెళ్లికి వెళ్తున్న ఒక కుటుంబం. ఆ కుటుంబంలో పెద్దావిడకు అరిసె ఇచ్చాను. ఆవిడ వాసన చూసి నవ్వి "ఆరిసా" అంది. వాళ్లకూ ఉందట అది, దాదాపు అదే పేరుతో.

నీళ్లు సముద్రం రంగులో లేవు. పాలు కలిపిన టీ రంగు, ఎండ పడ్డచోట వెండి. వలలు కట్టిన కర్రల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అరగంట పైనే ప్రయాణం. అన్ని రోజుల్లోనూ బండి మీద ఉండి కూడా బండి నడవకుండా, ఆయన మొహం నాకు కనబడుతూ వెళ్లింది అదొక్కటే. మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఏం మాట్లాడామో గుర్తులేదు.

సాతపడ దగ్గర చిన్న పడవలో వెళ్లి డాల్ఫిన్లు చూశాం. మొద్దు ముక్కు ఇర్రవాడి డాల్ఫిన్లు. ఎగరవు. బూడిదరంగు వీపు ఒకటి తేలి, ఊపిరి చప్పుడు వినిపించి, మునిగిపోతుంది. పడవవాడు ఇంజన్ ఆపాడు కాబట్టే వినిపించింది. దగ్గరికి పోనివ్వమని అడిగేవాళ్లుంటారు, దయచేసి అడగొద్దు.

కాకినాడ_క్లాసిక్ | జనవరి 24, ఉదయం 9:20, కోణార్క్

నిన్న మధ్యాహ్నం పూరీ నుంచి మెరైన్ డ్రైవ్ మీద వచ్చాం, 35 కిలోమీటర్లు. ఒక మాట ముందే చెప్పాలి. ఈ రోడ్డు పేరు విని అడుగడుగునా సముద్రం ఉంటుందనుకుంటే నిరాశ పడతారు. బాలూఖండ్ అభయారణ్యం మధ్య నుంచి పోతుంది. సరుగుడు, జీడిమామిడి. 2019 మేలో ఫణి తుపాను సగం అడవిని పడగొట్టింది, ఆ ఖాళీలు ఇంకా తెలుస్తున్నాయి. జింకలు అడ్డం వస్తాయి, నలభై దాటి పోకండి. రామచండి గుడి దగ్గర కుశభద్ర నది సముద్రంలో కలిసే చోట సముద్రం కనిపిస్తుంది, తర్వాత చంద్రభాగ దగ్గర పూర్తిగా విచ్చుకుంటుంది.

ఇవాళ తెల్లవారుజామున ఐదున్నరకే చంద్రభాగ ఇసుకలో కూర్చున్నాం. చలిగా ఉంది, ఒకే శాలువా. మొదట మబ్బు అంచు ఎర్రబడింది. జాలరులు తెప్ప తోస్తున్నారు. ఆరున్నర దగ్గర పడుతుండగా సూర్యుడు నీళ్లలోంచి కాకుండా, నీళ్లకు వేలెడు పైన ఉన్న పొగమంచులోంచి బయటికొచ్చాడు. అరసవల్లిలో ఏం మొక్కావని అడిగాను. చెప్పింది. అది ఇక్కడ రాయను.

గుడి తెరవగానే వెళ్లాం. రథచక్రం నీడ చూపించి గైడు వేళ చెబుతుంటే మా ఆవిడ చేతి గడియారం చూసుకుంది. సరిపోయింది.

రోడ్డు_రాజు | జనవరి 24, మధ్యాహ్నం 1:00

అన్నా, వదినా, మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. నేను రైలు ఎక్కమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అక్కకు ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను. గంటకోసారి ఆపుతానంటే వస్తానంది.

కాకినాడ_క్లాసిక్ | జనవరి 27, రాత్రి 8:00, కాకినాడ

ఇల్లు చేరాం. మీటరు 1,420 కిలోమీటర్లు చూపించింది. బండి లీటరుకు 34 ఇచ్చింది. ఒక్క పంచరు కూడా లేదు. తిరుగు ప్రయాణం హైవే మీద రెండు రోజులు, సముద్రం ఎడమ పక్క ఉండాల్సింది గానీ కనబడలేదు. ఇవాళ సాయంత్రం బండి కడిగాం. స్పోకుల మొదట్లో తుప్పు చుక్కలు అప్పుడే మొదలయ్యాయి, ఆయిల్ గుడ్డతో రుద్దితే పోయాయి.

కొత్తరెక్కలు | జనవరి 29, ఉదయం 10:15

అన్నా, మాకు పెళ్లయి ఆరు నెలలు. మేం ఫిబ్రవరి చివర్లో ఇదే దారిలో వెళ్దామనుకుంటున్నాం. రుషికుల్య దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడొచ్చా? రాత్రి బండి మీద తీరం దాకా వెళ్లగలమా?

బరంపురం_అమ్మాయి | జనవరి 29, రాత్రి 9:45

తమ్ముడూ, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వస్తాయి. ఏ రాత్రి వస్తాయో మాత్రం ముందుగా ఎవరూ చెప్పలేరు, కొన్నేళ్లు అసలు రావు కూడా. బండి ఊళ్లోనే వదిలేయండి. ఇసుక మీదికి తేవద్దు, టైరు కింద గుడ్లు నలిగిపోతాయి. హెడ్‌లైట్, ఫోన్ లైటు ఏదీ వెయ్యకూడదు. వెలుతురు చూస్తే తల్లి తాబేలు వెనక్కి తిరిగి నీళ్లలోకి పోతుంది, పిల్లలైతే సముద్రం అనుకుని వెలుగు వైపు నడిచి చచ్చిపోతాయి. అటవీశాఖవాళ్లు, ఊరి కుర్రాళ్లు కాపలా ఉంటారు. వాళ్లు ఎంత దూరంలో నిలబడమంటే అంత దూరంలో నిలబడండి. పురుణబంధ ఊరికి వచ్చే ముందురోజు ఇక్కడ రాయి, నేను కనుక్కుని చెప్తాను.